హుల్దాకు మాత్రమే

“చదువక్కా. నువ్వు రాసిందేగా. గట్టిగా చదువు, అత్తయ్య కూడా వింటుంది.”

తోడికోడలు లోవీసా పత్రికను తెచ్చి, కెజియా పిసుకుతున్న రొట్టెపిండి మీదే పడేసింది. కాగితం అంచు పిండికి అంటుకుంది. ఈ పత్రికను పొద్దున్నే సత్రంలో ఎవరో బల్లెక్కి చదివారని, విన్నవాళ్లంతా కెజియా భర్తా మరిదీ నడిపే హోల్కమ్ అన్నదమ్ముల పీపాల కొట్టు వైపు తిరిగి చూశారని పక్కింటావిడ అప్పటికే చెప్పి వెళ్లింది. ఏం చదివారో మాత్రం చెప్పలేదు. చెప్పకపోవడంలోనే సగం చెప్పేసింది.

కెజియా చేతులు గుడ్డకు తుడుచుకుని పత్రిక తీసింది. మూడో పుటలో కింద, తప్పిపోయిన గుర్రం ప్రకటనకు పైన ఉంది. ‘మిల్‌కోవ్ రేవులోని ఒక గృహిణి హార్ట్‌ఫర్డ్‌లో ఉన్న తన చెల్లెలికి రాసిన ఉత్తరం నుంచి కొంత భాగం.’

“గట్టిగా,” అంది లోవీసా.

“నాకు తెలుసులే అందులో ఏముందో.”

“నీకు తెలుసు. నాకూ తెలిసింది. ఊరికీ తెలిసింది. అత్తయ్యకే తెలీదు పాపం, ఆవిడకి చదువు రాదుగా. చదువు!”

పొయ్యి పక్కన కుర్చీలో ముసలావిడ మెహిటబెల్ కదల్లేదు. పొద్దుటినుంచీ ఆవిడ కుర్చీని మంట వైపు తిప్పుకుని, ఇంటికి వీపు చూపిస్తూ కూర్చుంది. కెజియా పెట్టిన సంకటి గిన్నె ఒళ్లో చల్లారిపోయింది.

కెజియా చదివింది.

“‘రాజుగారి ఓడలు చలికాలం రాకముందే తీరంలో ఊళ్లన్నీ తగలబెడతాయని అందరూ అంటున్నారు. నిజమో అబద్ధమో దేవుడికెరుక. ఇంతకంటే సిగ్గుచేటు మాట ఇంకొకటుంది. ఆ ఓడలకు ఉప్పు మాంసం మన పీపాల్లోనే వెళుతోందట. చేసినవాడు పరాయివాడు కాదు. ఆ పీపాల మీద మా మామగారి బాతు ముద్ర ఉంది. చచ్చిపోయిన మంచిమనిషి గుర్తుతో ఇలాంటి పని చేశారని తలుచుకుంటే నాకు ముద్ద దిగడం లేదు.’”

“బాతు ముద్ర!” లోవీసా అరచేత్తో బల్ల మీద కొట్టింది. “ఈ తీరంలో బాతు ముద్ర ఎంతమందికుందక్కా? మామగారు పోతూ పోతూ ఆ ముద్ర ఇనుము ఎవరి చేతిలో పెట్టారు? మా ఆయన చేతిలో. ఇంకా పేరెందుకు, ఇల్లూ వాకిలీ అన్నీ రాశావుగా!”

“నేను పత్రికకి రాయలేదు లోవీసా. నా చెల్లెలికి రాశాను.”

“పదిహేను రోజుల కిందట ఏం జరిగిందో మర్చిపోయావా? రాజుగారి ఓడలకు సరుకు పోకుండా కాపలా కాసే మన ఊరి కమిటీవాళ్లు పట్టుకున్న పడవలో పీపా దొరికింది. ముద్ర ఉప్పునీళ్లకి చెరిగిపోయి ఉంది. ఇద్దరన్నదమ్ముల్నీ అడిగారు, ఏమీ తేలక వెళ్లిపోయారు. ఇప్పుడు ఇంట్లో మనిషే బాతు అని చెప్పాక తేలకేం? మూడింటికి ప్రార్థన మందిరంలో కమిటీ కూర్చుంటోంది. మా ఆయన తప్పు ఒప్పుకుని సంతకం పెట్టాలట. దేశద్రోహి అని వచ్చే వారం ఇదే పత్రికలో వేస్తారట. ఆపైన మాతో ఎవరూ మాట్లాడకూడదు, ఏదీ కొనకూడదు, అమ్మకూడదు. పొయ్యి ఆరిపోతే నిప్పు కూడా ఇవ్వరు.”

“జేబెజ్ ఏమంటున్నాడు?”

“ఏమంటాడు! తెల్లారినప్పటినుంచీ నోరు విప్పితే ఒట్టు. చేశావా అంటే మాట్లాడడు, చెయ్యలేదా అంటే మాట్లాడడు. పీపాకి కట్లు బిగిస్తూ కూర్చున్నాడు.” లోవీసా ఒక అడుగు దగ్గరకు వచ్చింది. “అక్కా, నా రెండో కాన్పులో పది రోజులు నా పక్కన కూర్చున్నావు నువ్వు. నిన్ను మా అమ్మకంటే ఎక్కువ అనుకున్నాను. పైకి అంతా పాలూ నీళ్లూ, లోపలేమో ఉత్తరాలా?”

తలుపు గట్టిగా వేసుకుని వెళ్లిపోయింది. రెండు ఇళ్లకూ మధ్య ఉన్నది ఒక్క పెరడే. ఆ పెరడు దాటేదాకా ఆమె ఏడుపు వినిపించింది.

కెజియా అత్తగారి వీపు వైపు చూసింది.

“అత్తయ్యా, మీరైనా ఒక మాట అనండి. తిట్టండి, పడతాను.”

ముసలావిడ గిన్నెలో చెంచా అటు నుంచి ఇటు పెట్టింది. అంతే.

కెజియాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇదంతా ఎలా జరిగిందో ఆమెకు స్పష్టంగానే ఉంది. ఏ ఇంటికి ఉత్తరం వచ్చినా అది ఇంటిల్లిపాదికీ వచ్చినట్టే. భోజనాల దగ్గర చదువుతారు, ఇరుగుపొరుగు వచ్చి వింటారు. అందుకే అక్కాచెల్లెళ్లు ఎప్పుడూ రెండు కాగితాలు రాసుకునేవాళ్లు. పెద్ద కాగితం నలుగురికీ: ఆవు ఈనింది, చిన్నదానికి రెండు పళ్లొచ్చాయి, టీ మానేసి కోరిందాకు కషాయం తాగలేక చస్తున్నాం, ఇలాంటివి. మడతలో అరచేయంత చీటీ ఇంకొకటి. దాని మీద ‘హుల్దాకు మాత్రమే’ అని ఉంటుంది. పీపాల సంగతి రాసింది ఆ చీటీలోనే. అది చూసినవాళ్లు ఇద్దరే, రాసిన కెజియా, చదివిన హుల్దా. పైగా హుల్దా మొగుడు పనిచేసేదెక్కడ? హార్ట్‌ఫర్డ్‌లో ఒక అచ్చుకూటంలో, అక్షరాలు పేర్చే పని. ఇంకేం కావాలి?

ఆమె పిండి చేతులతోనే కూర్చుని, చిత్తు కూడా రాసుకోకుండా నాలుగు వాక్యాలు రాసింది.

‘హుల్దా, నా చీటీ పత్రికలో చూశాను. నీ భర్త చేతి పని బాగుంది. ఈ ఉత్తరం అందిన వెంటనే నీ దగ్గరున్న నా రాతలన్నీ, చీటీలతో సహా, పొయ్యిలో వేసెయ్యి. నాకు ఇక చెల్లెలు లేదు.’

మడిచి లక్క అంటించింది. మధ్యాహ్నం టపా గుర్రం గేటు ముందు నుంచి వెళుతుంటే పరుగెత్తి అతని చేతికి ఇచ్చింది. రేపు పొద్దున్నకల్లా హార్ట్‌ఫర్డ్‌లో ఉంటానని చెప్పి అతను పడవరేవు వైపు వెళ్లిపోయాడు. ఆమె తిరిగి వచ్చేసరికి అత్తగారు కుర్చీలోంచి సగం లేచి, కిటికీలోంచి ఆ గుర్రాన్నే చూస్తోంది. కోడల్ని చూసి మళ్లీ కూర్చుంది.

* * *

భర్త అసహెల్ రెండు దాటాక కొట్టు నుంచి వచ్చాడు. పిల్లల్ని పక్కింట్లో దింపి వచ్చానన్నాడు. కెజియా బల్లకు అవతల నిలబడింది. తమ్ముడి పేరు వీధిన పడేసిన పెళ్లాన్ని ఏ మగాడైనా ఏమంటాడో ఆమెకు తెలుసు. పదమూడేళ్ల కాపురంలో ఉప్పెక్కువైన చారుకే మూడు రోజులు మాట్లాడని మనిషి.

అతను చేతులు కడుక్కున్నాడు. ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

“తిన్నావా?”

ఆ ఒక్క మాటకు ఆమెకు కళ్లు నిండాయి. “మీకు కోపం రాలేదా?”

“కోపం వచ్చి ఏం లాభం? నువ్వు కావాలని చేశావా? చెల్లెలు కదా అని నమ్మావు. అది నమ్మకద్రోహం చేసింది. అందులో నీ తప్పేముంది?”

“జేబెజ్ మొహం ఎలా చూడను?”

“వాడు చేసుకున్నదే వాడు అనుభవిస్తాడు.” అసహెల్ బల్ల దగ్గర కూర్చుని రొట్టె తుంచుకున్నాడు. “చూడు, మూడింటికి నిన్ను కూడా పిలుస్తారు. పెద్దగా ఏమీ అడగరు. ఇది నీ ఉత్తరమేనా అంటారు. అవునను. రాసింది నిజమేనా అంటారు. నిజమేనను. అంతే. నిజం చెప్పడానికి భయమెందుకు?”

“ఆ సంగతి నాకు చెప్పింది మీరేగా. నేను కళ్లారా చూశానా?”

“నేను చూశాను. మొగుడు చూస్తే పెళ్లాం చూసినట్టే.” నవ్వబోయాడు, నవ్వు సరిగా రాలేదు. “అక్కడ తడబడకుండా ఉండాలంటే రెండు ముక్కలు రాసుకో. నువ్వు రాసుకుంటే గానీ మాట్లాడలేవుగా.”

అది నిజమే. కెజియాకు ఏదైనా ముందు చిత్తు రాసుకునే అలవాటు. ఓడలు ఆగిపోయినప్పటినుంచీ కాగితం బంగారమైపోయింది. అందుకే పొయ్యి పక్కన మేకుకు వేలాడే పంచాంగంలో, నెలకూ నెలకూ మధ్య కుట్టిన ఖాళీ పుటల్లో చిత్తు రాసి, దిద్దుకుని, ఆ తర్వాతే మంచి కాగితం మీదకు ఎక్కించేది. ఆమె వెళ్లి పంచాంగం తీసి అక్టోబరు తిప్పింది.

వెనుక నుంచి అసహెల్ రొట్టె నములుతూ అన్నాడు:

“ఆ బాతు ముద్ర మాటొక్కటి రాయకుండా ఉండాల్సింది నువ్వు. మిగతాది ఎవరి గురించైనా అయ్యుండొచ్చు. ఆ బాతే వాణ్ణి పట్టిచ్చింది.”

ఖాళీ పుట కోసం తిప్పుతున్న ఆమె చెయ్యి ఆగిపోయింది.

పుటలో ఆమె పాత చిత్తు ఉంది. ఓడల మాట, సిగ్గుచేటు మాట, పరాయివాడు కాదన్న మాట. దాని కింద మూడు వరసలు రెండేసి గీతలతో కొట్టేసి ఉన్నాయి. ‘ఆ పీపాల మీద మా మామగారి బాతు ముద్ర...’

ఆమెకు ఆ పూట గుర్తొచ్చింది. మంచి కాగితం మీద ఎక్కిస్తుంటే చీటీలో చోటు చాల్లేదు. చోటు ఉన్నా రాసేది కాదు. పోయినాయన్ని ఇందులోకి లాగడం ఎందుకనిపించి ఆమే కొట్టేసింది. చీటీ ‘పరాయివాడు కాదు’ దగ్గరే అయిపోయింది.

“ఆ మాట నేను రాయలేదు,” అంది.

“అదేమిటి, పత్రికలో ఉందిగా.”

“పత్రికలో ఉంది. ఉత్తరంలో లేదు.”

నమలడం ఆగింది. మెహిటబెల్ కుర్చీలో బొత్తిగా కదలిక లేదు.

కెజియా వెనక్కి తిరిగింది. అసహెల్ తేలు కుట్టిన దొంగలా కూర్చుని, చేతిలో రొట్టె ముక్కను చూసుకుంటున్నాడు.

“ఆ మూడు వరసలు ఈ భూమ్మీద ఒక్కచోటే ఉన్నాయి,” అందామె, పంచాంగం ఎత్తి చూపిస్తూ. “ఈ మేకుకు. హుల్దాకి తెలీదు. హుల్దా మొగుడికి తెలీదు. అత్తయ్యకి చదువు రాదు. మరి పత్రికవాళ్లకెవరు పంపారండీ?”

“నిదానంగా మాట్లాడు.”

“ఎవరు పంపారు?”

“పడవలో పీపా దొరికాక వాళ్లు ఊరుకుంటారనుకున్నావా? ఇద్దరిలో ఒకడని తేలిపోయింది. ఇద్దరిలో ఒకడు పోవాలి. వాడికి ఇద్దరు పిల్లలు, నాకు ముగ్గురు.”

“ఇదేం లెక్క!” ఆమె పంచాంగం బల్ల మీద పెట్టేసింది. “నిజంగా చేసినవాడు పోవాలి గానీ...”

అతను మాట్లాడలేదు.

పదమూడేళ్లుగా ఆ మనిషి మౌనాలన్నీ ఆమెకు తెలుసు. అలిగిన మౌనం, అలసిన మౌనం. ఇది కొత్తది. దీని అర్థం ఆమెకు నెమ్మదిగా ఎక్కింది.

“పీపాలు చేసింది జేబెజ్ కాదు.”

“ముద్ర వాడిదే.”

“పీపాలు?”

“నావి.” అసహెల్ రొట్టె కింద పెట్టాడు. “ముద్ర ఇనుము ఒక్క రోజుకి అడిగి తెచ్చుకున్నాను. ఎందుకన్నా అని కూడా అడగలేదు వాడు. నా ముద్ర కొడితే నా మీదికే వచ్చేది. అయినా ఆ బాతు ఎవరికి రావాలి? పెద్దకొడుకుని నేను. పదేళ్లు ఆయన పక్కన నిలబడి చెక్క చెక్కింది నేను. పోయేముందు తీసుకెళ్లి వాడి చేతిలో పెట్టాడు.”

“తెలిసి కూడా జేబెజ్ నోరు విప్పడం లేదా? మీకోసం?”

అసహెల్ మొహం తిప్పుకున్నాడు. సిగ్గుపడాల్సిన మనిషి సిగ్గుపడితే బాగుండునని కెజియాకు అనిపించింది. అతని మొహంలో ఉన్నది విసుగు.

కంచే చేను మేసింది. ఇంకెవరికి చెప్పుకోవాలి? జేబెజ్ చేశాడని చెప్పింది ఇతను. నమ్మి చెల్లెలితో చెప్పుకుని కుమిలిపోయింది తను. ఆ కుమిలిపోయిన మాటల్నే ఏరి, ఎత్తి రాసి, అచ్చుకు పంపింది మళ్లీ ఇతనే. తన చేతిరాత, తన బాధ, తన చెల్లెలు, అన్నీ ఇతనికి పనిముట్లైపోయాయి.

“నేను కమిటీ ముందు చెబుతాను,” అంది. “ఆ మాట నా ఉత్తరంలో లేదని చెబుతాను. నా చీటీ హుల్దా దగ్గరుంది. తెప్పించి చూసుకోమంటాను.”

“హుల్దా దగ్గరా?” అసహెల్ మొదటిసారి ఆమె కళ్లలోకి చూశాడు. “మధ్యాహ్నం టపావాడు మన గేటు దగ్గర ఆగాడని కొట్టులోంచి చూశాను. ఏం రాశావేమిటి?”

కెజియా చూపు పొయ్యి వైపు పోయింది.

మందిరం గంట మోగింది.

* * *

పై వస్త్రం కప్పుకుని వచ్చేసరికి వంటింట్లో మేకు ఖాళీగా ఉంది. పంచాంగం బల్ల మీదే వదిలేశాననుకుంది గానీ తిరిగి చూడలేదు. అసహెల్ ముందే వెళ్లిపోయాడు. వాకిట్లో మెహిటబెల్ చేతికర్ర పట్టుకుని నిలబడి ఉంది. ఆదివారం వేసుకునే నల్లగౌను వేసుకుంది.

“చెయ్యి ఇవ్వు,” అంది ముసలావిడ. పొద్దుటినుంచీ అదే మొదటి మాట.

ఇద్దరూ రేవు దారిన నడిచారు. గట్టున ఎండబెట్టిన చేపల వాసన. ఎదురైన వాళ్లు పలకరించకుండా పక్కకు తప్పుకున్నారు. ఎవరిని తప్పించుకుంటున్నారో, తననో అత్తగారినో, కెజియాకు అర్థం కాలేదు.

“నాకు అక్షరం రాదు. కళ్లున్నాయి,” అంది మెహిటబెల్ ఉన్నట్టుండి. “నువ్వు పాలు పితకడానికి వెళ్లిన పూట, నీ మొగుడు పంచాంగం ముందేసుకుని దాన్ని చూస్తూ రాశాడు. పంచాంగం చూసి ఎత్తి రాసేదేముంటుంది? రేపు వానా ఎండా అనా? నన్ను చూసి మూసేశాడు. అప్పుడే అనుకున్నాను, ఇదేదో పాడు పనని.”

కెజియా ఆగిపోయింది.

“మీకు తెలుసా? పొద్దుటినుంచీ తెలుసా?”

“నడువు. ఆగితే చూస్తారు.”

“నేను హుల్దాకి రాస్తుంటే మీరక్కడే ఉన్నారు అత్తయ్యా. నా చెల్లెల్ని నా చేత్తో నేను తెంపేసుకుంటుంటే చూస్తూ కూర్చున్నారు. ఒక్క మాట చెప్పి ఉండొచ్చుగా!”

“చెప్పి ఉండొచ్చు,” అంది ముసలావిడ. ఆవిడ చెయ్యి కోడలి చేతిని ఇంకా గట్టిగా పట్టుకుంది. “ఇద్దరూ నా కడుపున పుట్టినవాళ్లే. ఒకణ్ణి చూపిస్తే గానీ ఇంకొకణ్ణి వదలరు. ఏ తల్లి చూపిస్తుంది? పొద్దుటినుంచీ ఆ మంటలోకి చూస్తూ అదే ఆలోచిస్తున్నాను.”

“ఏం తోచింది?”

“తోచింది. అక్కడ నేను మాట్లాడతాను. నువ్వు నోరు మెదపకు. నన్ను నమ్ము.”

కెజియా నమ్మింది. ఆ రోజు నమ్మడానికి ఇంకెవరూ మిగల్లేదు మరి. పైగా పదమూడేళ్లలో ఆవిడ ఎప్పుడూ అబద్ధం ఆడగా వినలేదు. పెద్దావిడ నిజం చెప్పేస్తే తన మొగుడు పోతాడు. ఆ సంగతి కూడా ఆలోచించుకుంది. పోనీ అనుకుంది. చేతిలో ఉన్న ముసలి చెయ్యి మాత్రం వెచ్చగా ఉంది.

మందిరం నిండిపోయింది. కమిటీ అయిదుగురూ బల్ల వెనుక కూర్చున్నారు. మధ్యలో మందిరం పెద్ద డీకన్ ఎలిఫలెట్, ముక్కు మీద కళ్లద్దాలు, ముందు పత్రిక, పక్కన జేబెజ్ సంతకం కోసం రాసి ఉంచిన కాగితం. జేబెజ్ టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. అన్న వైపు ఒక్కసారి కూడా చూడలేదు. లోవీసా కళ్లు వాచిపోయాయి. అసహెల్ రెండో వరసలో, కోటు గుండీలన్నీ పెట్టుకుని కూర్చున్నాడు.

“కెజియా హోల్కమ్,” అన్నాడు డీకన్. “ఈ ఉత్తరం నీదేనా?”

కెజియా లేవబోయింది. మోచేతి మీద అత్తగారి చెయ్యి ఆమెను కూర్చోబెట్టింది. ముసలావిడే కర్ర మీద ఆనుకుని లేచింది.

“నేను చెబుతాను డీకన్ గారూ.”

“మిమ్మల్ని పిలవలేదమ్మా.”

“మీరు పుట్టినప్పుడు మీ అమ్మ పక్కనున్నదాన్ని. నాకు పిలుపెందుకు?”

వెనుక ఎవరో నవ్వారు. డీకన్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. “చెప్పండి.”

“ఆ పీపాల కథ అబద్ధం. నా కొడుకులిద్దరూ ఏ పాపం ఎరుగరు. పెద్దవాడూ చెయ్యలేదు, చిన్నవాడూ చెయ్యలేదు. నా మొగుడి ముద్రని దొంగతనంగా పోతపోయించి ఎవడు వాడుకున్నాడో వాణ్ణి మీరు వెతుక్కోండి.”

“మరి ఇందులో ఇంత వివరంగా...”

“కట్టుకథ.”

“ఎవరు కట్టారు?”

మెహిటబెల్ ఎవరి వైపూ చూడలేదు. ఎదురుగా ఉన్న తెల్లగోడతో చెప్పినట్టు చెప్పింది.

“మా పెద్దకోడలు. బాతు ముద్ర చిన్నవాడికి పోయిందని దానికి మొదటినుంచీ కడుపుమంట. తోడికోడలంటే పడదు. మసిపూసి మారేడుకాయ చేసి చెల్లెలికి రాసుకుంది, వాళ్లు అచ్చేసుకున్నారు. నా ఇంటి పరువు, నేనే చెప్పుకోవాల్సి వచ్చింది.”

కెజియాకు ముందు మాటలు వినిపించాయి. అర్థం తర్వాత వచ్చింది. మోచేతి మీద ఆ చెయ్యి ఇంకా ఉంది, ఇంకా వెచ్చగానే ఉంది. ఆమె దాన్ని విదిలించుకుంది.

“అత్తయ్యా!”

“నన్ను క్షమించు,” అంది ముసలావిడ పెదవులు కదలకుండా. కెజియాకు తప్ప ఎవరికీ వినపడలేదు.

మందిరమంతా గుసగుసలు. లోవీసా రెండు చేతులతో మొహం కప్పుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది. అది మొగుడు బతికాడన్న ఏడుపు. జేబెజ్ తల ఎత్తాడు. వదిన వైపు చూశాడు. నోరు తెరిచాడు. తల్లి వైపు చూసి మళ్లీ మూసుకున్నాడు.

“పెద్దవారు చెప్పారు, సరే,” అన్నాడు డీకన్. “కానీ ఒక మనిషి పేరు చెడగొట్టాలంటే ఆధారం కావాలి కదా.”

అప్పుడు అసహెల్ లేచాడు. అంతవరకూ లేవని మనిషి. తమ్ముణ్ణి నిలబెట్టినప్పుడు లేవలేదు, తల్లి అబద్ధమాడినప్పుడు లేవలేదు. ఇప్పుడు లేచి, కోటు గుండీలు ఒక్కొక్కటే విప్పి, లోపలి నుంచి పంచాంగం తీసి బల్ల మీద పెట్టాడు.

“అక్టోబరు పుట చూడండి,” అన్నాడు. “నా భార్య చేతిరాతే. చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది.”

డీకన్ పత్రికనూ పంచాంగాన్నీ పక్కపక్కన పెట్టుకుని వేలు పెట్టి చదివాడు. మిగతా నలుగురూ మెడలు చాపారు. ఓడల మాట ఉంది. పరాయివాడు కాదన్న మాట ఉంది. బాతు ఉంది.

“అక్షరం పొల్లుపోలేదు,” అన్నాడొకాయన.

“అది కొట్టేసిన మాట!” కెజియా నిలబడింది. “గీతలు కనబడటం లేదా మీకు? కొట్టేసి, లేకుండా రాసి పంపాను. ఆ చిత్తు చూసి ఎత్తి రాసి అచ్చుకు పంపినవాడు మీ ముందు నిలబడి గుండీలు పెట్టుకుంటున్నాడు. పీపాలు కూడా అతనివే!”

“మొగుడి మీదకూడానా!” అంది వెనుక నుంచి ఒక ఆడగొంతు. నలుగురైదుగురు ‘హవ్వ’ అన్నారు.

డీకన్ బల్ల మీద కొట్టాడు. ఆయన చెడ్డవాడు కాదు. కళ్లద్దాల మీదుగా కెజియాను చాలాసేపు చూశాడు.

“కొట్టేసి పంపానంటున్నావు. పంపిన కాగితం ఎక్కడుంది?”

“హార్ట్‌ఫర్డ్‌లో. నా చెల్లెలి దగ్గర.”

“అందులో ఈ మాట లేకపోతే, ఇక్కడి నుంచి ఎవరో ఎత్తి రాశారని ఒప్పుకోవాల్సిందే. ఎవరని అప్పుడు అడుగుదాం.” ఆయన అసహెల్ వైపు చూశాడు. అసహెల్ చూపు దించుకున్నాడు. “ఉంటే, లేక ఆ కాగితమే దొరక్కపోతే, జేబెజ్ పేరుకు రాసిన ఈ కాగితంలో నీ పేరు పడుతుంది. రేపు పొద్దున్నే మనిషిని గుర్రం మీద పంపుతాం. చీటీ నీ చెల్లెలు దాచిందా?”

“దాస్తుంది. నా ప్రతి ముక్కా దాస్తుంది.”

చెప్పాకే, అన్నీ పొయ్యిలో వేసెయ్యమని మధ్యాహ్నం తను రాసిన మాట ఆమెకు మళ్లీ గుర్తొచ్చింది. తెరిచి ఉన్న తలుపులోంచి నది కనబడుతోంది. పడవ అవతలి ఒడ్డున ఖాళీగా కట్టేసి ఉంది. టపా గుర్రం దాటి మూడు గంటలైంది. కమిటీ మనిషి రేపు పొద్దున్న బయల్దేరతాడు. ఆ పొద్దుకే హుల్దా లక్క చిదిపి, నిలబడే చదువుతుంది, ఏడుస్తుంది.

ఎంత ఏడ్చినా, హుల్దా చిన్నప్పటినుంచీ అక్క చెప్పిన పని ఆ క్షణమే చేసేది.